బండియింట సరమ



గతమాసమున నా సీమప్రయాణమును గూర్చి వ్రాసినప్పుడు మా అన్నయ్యగారి బండియింటిని, దానివెంట వచ్చిన కుక్కను ఒక్క వాక్యములో చెప్పి విడిచితిని. ఆ వాక్యమును పట్టుకొని ఒక సోదరి జాబు వ్రాసినది. ఆమె కుమారుడు ఇంగ్లండున ఉద్యోగము చేయుచున్నాడట. రాబోవు వేసవిలో తల్లిని పిలిపించుకొని, కారు వెనుక బండియిల్లు తగిలించి, భార్యాబిడ్డలతోను కుక్కతోను దేశము చూపింతునన్నాడట. "కుక్కతో నొకే గదిలో వారము దినము లెట్లు గడుపుదును? దానిని ఇంట విడిచి పోరాదా?" అని ఆమె ప్రశ్న. దీనికి బదులు చెప్పుటకు నాకొక అర్హత కలదు. ఈ విషయమున చేయరాని తప్పు నేను చేసితిని.

బండియిల్లు అనునది నేను పెట్టుకొన్న పేరు. ఆ దేశస్థులు దానిని కారవాను అందురు. చక్రములమీద నిలిచిన చిన్న గది. అందులోనే పఱుపులు, గ్యాసుపొయ్యి, నీళ్లతొట్టి, బీరువాలు, మూల నొక స్నానపుగది. దానిని కారు వెనుక లాగుకొని కొండలకో సముద్రతీరమునకో పోయి, అందుకై యేర్పఱచిన విడిదిమైదానమున నిలిపి, నాలుగు దినములు కాపురము చేసి వత్తురు.

ఈ వినోదము నేటిది కాదు. 1885లో గార్డన్ స్టేబుల్సు అను వైద్యుడు, నౌకాసైన్యమున కొలువు చాలించినవాడు, కేవలము విహారము కొఱకే "వాండరర్" అను బండియింటిని బ్రిస్టలు నగరమున చేయించి, రెండు గుఱ్ఱములను కట్టి, ఇంగ్లండులోని ట్వైఫర్డునుండి స్కాట్లండులోని ఇన్వర్నెస్సు వఱకు పోయెను. ఆయనవెంట బండి తోలువాడు, పరిచారకుడు, ఒక కాకటూ పక్షి, "హరికేన్ బాబ్" అను పెద్ద న్యూఫౌండ్లాండు కుక్క ఉండిరి. 1907లో అచ్చట కారవాను క్లబ్బు ఏర్పడెను. 1919లో బర్మింగుహాములోని ఎక్లిస్ అను సంస్థ కారుతో లాగు బండియిండ్లను చేసి యమ్మ మొదలిడెను. కావున విహారపు బండియింటికి ఆదినుండియు కుక్క తోడున్నదనవచ్చును.

మా అన్నయ్య కాపురమును బర్మింగుహాముననే. ఆయన కుక్క తేనెరంగు లాబ్రడారు, రెండేండ్ల ఆడుది. దానిపేరు సరమ. మా నాన్నగారు మమ్మిద్దఱను అరుగుమీద కూర్చుండబెట్టుకొని భారతము చెప్పినవారు. ఆ చదువు అన్నయ్యకు అంతదూరమున కుక్కపేరై నిలిచినది. నాకో, దేవశుని కథ వినుట వేఱు, కుక్క వచ్చి చీరకుచ్చెళ్లపై గడ్డము మోపుట వేఱు. మడికట్టుకొని వంట చేసిన యింట పెరిగినదానను. అది దగ్గఱకు వచ్చినప్పుడెల్ల నేను వెనుకకు జరుగుచుంటిని. అదియు నా సంగతి గ్రహించి, రెండు బారల దూరమున కూర్చుండి తోక మాత్రము ఆడించుచుండెను.

మావారు ఉపాధ్యాయులగుటచే బడిసెలవులలోనే, అనగా మే నెలలో, మేము పోయితిమి. బండియిల్లు ఆ వసంతముననే కొన్నది. మా యందఱికిని, సరమకును అదే తొలి ప్రయాణము. అందుచేత మా వదినె పది దినముల ముందే పని మొదలిడెను. బండియిల్లు వాకిట నిలిచియుండగనే సరమ పఱుపును అందులో నొక మూల వేసి, దాని తిండి అచ్చటనే పెట్టెను. మొదటిదినము అది గడపయొద్ద నిలిచి, బోలుగా మ్రోగు నేలను ముందుకాలితో తట్టి చూచి మరలిపోయెను. మూడవదినమున తానై యెక్కి పండుకొనెను. నాలుగవరాత్రి మా మేనకోడలు దానితో గూడ అందులోనే నిద్రించెను. క్రొత్తచోట ప్రాతవాసన యొకటియైన నుండినచో కుక్కకు బెదురు తగ్గునని వదినె చెప్పెను. క్రొత్తకోడలికి పుట్టింటి పెట్టె వంటిదన్నమాట.

ఆమె చేసిన మఱియొక పని చెప్పెదను. ఇంగ్లండున 2016వ సంవత్సరమునుండి ప్రతి కుక్కకును చర్మము క్రింద బియ్యపుగింజంత మైక్రోచిప్పు ఉండవలెనని చట్టము. దాని సంఖ్యకెదురుగా యజమాని చిరునామా నమోదగును. ఇల్లు మాఱినవారు దానిని దిద్దించుకొనవలెను. బహిరంగస్థలమున కుక్క మెడపట్టెడకు యజమాని పేరు, చిరునామా గల బిళ్ల యుండుటయు అచ్చటి శాసనమే. వదినె ఆ బిళ్ల వెనుక తన చేతిఫోను సంఖ్యను గూడ చెక్కించెను. ఇంటిల్లిపాదియు విహారమునకు పోగా, ఇంటి చిరునామాకు పోయి తలుపు తట్టినవారికి పలుకువారుండరు కదా! మేము పోవుచోట నున్న పశువైద్యుని ఫోను సంఖ్యను గూడ ఆమె చీటిపై వ్రాసి బీరువా తలుపునకు అంటించెను. ఆ చీటి విలువ నాకు తరువాత తెలిసినది.

మేము పోయినది సరస్సులసీమలోని కెజిక్ పట్టణమునకు. బర్మింగుహామునుండి 300 కిలోమీటర్లకు పైగా దూరము. బయలుదేరునప్పుడు నేను, "సరమ పఱుపు బండియింటనే యున్నది గదా, అది అందులోనే పండుకొని రారాదా?" అంటిని. దానిపై దయచేత నన్నమాట కాదది. కారులో నాప్రక్కన కూర్చుండకుండునని యాశ. అన్నయ్య నవ్వి కాదనెను. కారు లాగుచున్న కారవానులో మనుష్యులు కూర్చుండుట అచ్చట నిషిద్ధము. కుక్కకును అది తగిన చోటు కాదు. అది అటునిటు ఊగును, సామానులు జాఱిపడును, లోపలి ప్రాణి యవస్థ తోలువానికి తెలియదు. కారులోనైనను కుక్కను విడిచియుంచరాదు. హఠాత్తుగా కారు ఆగినప్పుడు దానికిని మనకును దెబ్బతగులకుండ ఛాతిపట్టెడతో సీటుబెల్టునకు కట్టవలెను, లేదా వెనుక పంజరమున నుంచవలెను. సరమను వెనుకసీటున కట్టిరి. నడుమ మా మేనకోడలు, ఇవతల నేను.

బండియిల్లు తగిలించిన కారు పెద్దరహదారులపై గంటకు 60 మైళ్లకు మించి పోరాదు. అందుచే ప్రయాణము సాగును. రమారమి రెండుగంటల కొకమాఱు ఆగి, సరమకు నీరు పెట్టి, పచ్చికలో నడిపించితిమి. దాని భోజనము బయలుదేరుటకు మూడుగంటల ముందే యైనది. కడుపునిండ తిని కారెక్కిన కుక్క, బిడ్డవలెనే, వాంతి చేసికొనును.

ఇక ఒకేగదిలో కాపురము సంగతి. నేను భయపడినంత కష్టము కలుగలేదు. పొయ్యియున్న వైపు నాది, తలుపువైపు సరమది అని వదినె హద్దు నిర్ణయించెను. బయట బండియింటికి చేర్చి గుడారమువంటి పందిరి వేసిరి. వానలో తిరిగివచ్చిన కుక్క కాళ్లు తుడుచుట, దానికి తిండి పెట్టుట అచ్చటనే. లోపల పఱుపు వేయునప్పుడు మాత్రము అన్నయ్య నేలలోని చిన్న రంధ్రములను చూపి, వానిపై వేయవద్దనెను. గ్యాసు గాలికంటె బరువైనది. ఎప్పుడైన కారినచో నేలమీదికి దిగి ఆ రంధ్రములగుండ బయటికి పోవును. వెచ్చదనము పోవునని కుక్కపఱుపుతో వానిని కప్పుట ప్రాణాపాయము.

మన వంటకములలో కొన్నింటిని గూడ దానికందనీయరాదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాకొలెట్టు కుక్కకు విషతుల్యములు. పాయసపుగిన్నె అడుగున మిగిలిన ఎండుద్రాక్షను ప్రేమతో విదిలించు అత్తగార్లు జ్ఞాపకముంచుకొనవలెను.

విడిదిలో కుక్కను ఎల్లప్పుడు త్రాటనే యుంచవలెను. దాని మలమును సంచిలో నెత్తి, అందుకై పెట్టిన తొట్టిలో వేయవలెను. చూచుటకు నాకు మొదట రోతగా నుండెను గాని, మన వీథులను తలచుకొని ఊరకుంటిని. కొండలలో గొఱ్ఱెలు పిల్లలతో మేయు కాలమది. జనులు స్వేచ్ఛగా నడువదగిన బీడుభూములలో మార్చి 1 మొదలు జూలై 31 వఱకు కుక్కను 2 మీటర్లకు మించని త్రాటనుంచుట అచ్చటి నియమము. గొఱ్ఱెలయొద్ద ఏ నెలయైనను అంతే. కుక్క కఱవనక్కఱలేదు, తఱిమినను చూలుగొఱ్ఱె ఈచుకపోవును. ఆవులమంద మీదికి వచ్చినచో మాత్రము త్రాడు విడువవలెను. కుక్క పరుగెత్తి తప్పించుకొనగలదు, దానిని పట్టుకొని నిలిచిన మనము త్రొక్కిడి పడుదుము. సాయంకాలము కాళ్లవ్రేళ్లనడుమ, చెవులవెనుక పిడుదులున్నవేమో చూడవలెను. సరస్సు ఒడ్డున నీలిపచ్చ తెట్టె కట్టినచో ఆ నీరు త్రాగనీయరాదు. ఇవన్నియు మేము శ్రద్ధతో చేసితిమి. మాకు వచ్చిన యాపద వీనిలో దేనివలనను రాలేదు.

మూడవదినము నిర్మలముగా తెల్లవాఱెను. విడిది కార్యాలయపు పలకమీద ఆనాటి యుష్ణము 22 డిగ్రీలని వ్రాసియుండెను. మా గోదావరితీరమున నలుబది దాటిన యెండను విడిచి పోయినదానను. నాకది పుష్యమాసపు రాత్రి చలి. ఉన్నిశాలువ లేనిదే బయటికి రాకుంటిని. అన్నయ్య, మావారు, మేనకోడలు డెర్వెంట్ వాటర్ సరస్సులో పడవ నెక్కుటకు నడిచిపోయిరి. వదినెయు నేనును సంతలో కూరలు కొని అరగంటలో రావలెననుకొంటిమి. సంత సందడిలో సరమ ఎందుకని దానిని లోపలనుంచి, నీటిగిన్నె నింపి, తెర దించి, వదినె తాళము వేసెను. పైకప్పు కిటికీయు, ప్రక్కకిటికీయు తెఱచియే యుండెను.

నాలుగడుగులు పోయినపిమ్మట శాలువ మఱచితినని జ్ఞాపకము వచ్చెను. తాళముచెవి తీసికొని ఒంటరిగా వెనుకకు వచ్చితిని. సరమ తలయెత్తి తోక నాడించెను. అప్పుడొక మబ్బు సూర్యునికి అడ్డువచ్చి, కిటికీలనుండి చల్లగాలి వీచెను. నోరులేని ప్రాణికి చలివేయునేమో, వానపడి పఱుపు తడియునేమో యనుకొని రెండు కిటికీలను మూసితిని. దానిపట్ల నేను తలచిన మొదటి మేలు అదియే. శాలువ కప్పుకొని, తాళము వేసి, సంతోషముతో పోయితిని. వదినెతో చెప్పవలెనని గూడ తోచలేదు.

మబ్బు తొలగిపోయెను. సంతలో అరగంట గంటంబావు అయ్యెను. మేము తిరిగివచ్చుసరికి ప్రక్కబండియింటి వృద్ధురాలును, విడిది అధికారియు మా కిటికీ పగులగొట్టుటకు సిద్ధముగా నిలిచియుండిరి. ఆమె మొదట సరమ మొఱుగుట వినెనట. తరువాత మొఱుగుట ఆగెనట. ఆగినందుకే ఆమె భయపడెనట.

తలుపు తెఱవగా ఇడ్డెనపాత్ర మూత తీసినట్లు ముఖమునకు ఆవిరి కొట్టెను. సరమ గడపకు ముట్టె ఆనించి పడియుండెను. నాలుక ముదురెఱుపై వ్రేలాడుచుండెను, నోట చొంగ తీగలు సాగుచుండెను. పేరు పెట్టి పిలువగా లేవబోయి వెనుకకాళ్లు తడబడి కూలెను.

ఆ వృద్ధురాలు మాకంటె ముందు తేఱుకొనెను. నీడకు మోసికొనిపోయి, కుళాయి గొట్టముతో పొట్టపైనను తొడలపైనను చల్లనినీరు పోయించెను. నన్ను పళ్లెముతో విసరుమనెను. వదినె తడితువాలు తెచ్చి కప్పబోగా వారించెను. కప్పిన తడిబట్ట వేడిని లోపలనే నిలుపునట. నీరు పోయుచుండవలెను, గాలి తగులుచుండవలెను, త్రాగినంత కొలది కొలదిగా త్రాగనీయవలెను, ముందు చల్లార్చి పిమ్మట వైద్యునియొద్దకు పోవలెను. ఇది ఆమె చెప్పిన క్రమము. ఆ తడియొడలిని ఎత్తి కారులో నా యొడిలో పెట్టినప్పుడు నాకు మడి జ్ఞాపకము రాలేదు.

బీరువా తలుపు చీటి అప్పుడు పనికివచ్చెను. కుక్కల సహజోష్ణము 38, 39 డిగ్రీలు. అంత నీరు పోసినపిమ్మటను సరమకు 40 దాటియుండెను. వైద్యుడు నరమునకు సూది వేసి ద్రవమెక్కించుచు, "కిటికీలు తెఱచియుండెనా?" అని యడిగెను. "తెఱచియుంటిమి" అని వదినె నిజముగనే నమ్మి చెప్పెను.

సోదరీమణులారా, అప్పుడు నేనూరకున్నచో ఎవరికిని తెలియదు. వదినె తలుపు తీసిన తొందరలో కిటికీలు చూడలేదు. కాని నా నోట, "నేను మూసితిని. చలివేయునని మూసితిని" అని వచ్చెను. వదినె నావైపు చూచి, ఏమియు అనక, నాచేయి పట్టుకొనెను. వైద్యుడు మాత్రము నన్నొకదానినే దోషిగా నెంచలేదు. "తెఱచియున్నచో ఆపద ఆలస్యముగా వచ్చియుండును, రాకపోదు. ఎండలోనున్న పెట్టె పెట్టెయే" అనెను. బయట 22 డిగ్రీలున్నప్పుడు మూసిన కారులో గంటలోపల 47 డిగ్రీల వఱకు ఎక్కవచ్చునని ఆ దేశపు జంతుసంరక్షణసంఘము హెచ్చరించుచున్నది. కారవాను గోడలు పలుచన, కిటికీలు పెద్దవి. దానికొక కారుకంటె విశేషమైన రక్షణయేమియు లేదు. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. అరికాళ్ల కొంచెము పట్టును. తక్కిన వేడినంతయు వగర్చి నోటిగుండ పోగొట్టుకొనవలెను. చుట్టునున్న గాలియే వేడియైనచో ఎంత వగర్చినను ఫలములేదు.

సాయంకాలమునకు సరమ కోలుకొనెను. ఆరాత్రి నా మేనకోడలు దాని ప్రక్కన పండుకొని, నన్ను దూఱలేదు, ఏడువలేదు. "అత్తా, చలి నీకు వేసినది, దానికి వేయలేదు" అని మాత్రమనెను. పదేండ్ల పిల్ల చెప్పిన ఆ మాటకంటె మించిన శాస్త్రము ఈ విషయమున నాకు తెలియదు. నా యొడలి కొలతతో దాని యొడలిని కొలిచితిని. శాలువ నేను కప్పుకొనుటయే గాక, ఉన్నికోటుతో పుట్టినదానికి గూడ కప్పితిని.

నాకప్పుడు భారతపు తొలికథ తలపునకు వచ్చెను. జనమేజయుని తమ్ములు యజ్ఞశాలకు వచ్చిన సరమ కొడుకును నిష్కారణముగా కొట్టగా, ఆ దేవశుని వచ్చి, తప్పుచేయనివానిని బాధించినవారికి కానరాని భయము వచ్చునని శపించెను. నేను కొట్టలేదు, ప్రేమించితిననుకొంటిని. అయినను కానరాని భయము వచ్చెను. అది ఎండ రూపమున వచ్చెను.

ఇక జాబు వ్రాసిన సోదరికి నా సమాధానము. కుక్కను ఇంట విడుచుట పాపము కాదు. మీరు చూడదలచినవి ప్రదర్శనశాలలు, అంగళ్లు, పడవవిహారములైనచో, తెలిసినవారియింటనో, కుక్కలను కనిపెట్టు మంచి వసతిలోనో దానిని దింపి పొండు. తీసికొనిపోదురా, కొన్నింటిని విడుచుకొనుటకు ముందే సిద్ధపడుడు. కుక్కలను రానిచ్చు విడిది యేదో, వానిని రానీయని సముద్రతీరమేదో ముందుగా కనుగొనుడు. అచ్చట పెక్కు తీరములలో వేసవి నెలలు కుక్కలకు ప్రవేశము లేదు. తొలిప్రయాణము రెండురాత్రులకు మించకుండ, ఇంటికి దగ్గఱగా చేయుడు. మీలో నొకరు ఎల్లప్పుడు దానితో నుండునట్లు వంతులు వేసికొనుడు. అత్తగారి వంతు వచ్చినప్పుడు చెట్టునీడను కుర్చీ వేసికొని పత్రిక చదువుకొనుడు. దానిని లోపలనుంచి తాళము వేయు అరగంట మాత్రము మీ కార్యక్రమమున నుండనీయకుడు. సంతలో అరగంట ఎంతయగునో మీకు తెలియనిది కాదు.

మిగిలిన నాలుగుదినములు సరమ వంతు నేనే పుచ్చుకొంటిని. పడవ యెక్కలేదు, ఊరు చూడలేదు. సరస్సు ఒడ్డున వృక్షచ్ఛాయను కూర్చుంటిమి. మొదటిదినము అది అలవాటుచొప్పున రెండు బారల దూరమున కూర్చుండెను. నేనే జరిగితిని.

మహాప్రస్థానమున ధర్మరాజు కుక్కను రమ్మని పిలువలేదు, అదియే వెంటవచ్చినది. పిలువకయే వచ్చినదానిని విడిచి దేవేంద్రుని రథము నెక్కనొల్లడయ్యె. మన కుక్కలు తామై రాలేదు. మనమే పట్టెడ వేసి, బండి యెక్కించి, ఎచ్చటికో చెప్పక తీసికొనిపోవుచున్నాము. మన బాధ్యత ఆయనదానికంటె ఎక్కువగునే గాని తక్కువ కాదు.